ఫోకస్ నేను తిప్పలేదు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళుమంట. పదమూడేళ్ళు అనకాపల్లిలో వీడియో స్టూడియో నడిపాను. "మా పెళ్ళి క్యాసెట్‌లో ఏదో కనిపిస్తోంది, ఓసారి చూడండి" అంటూ వచ్చినవాళ్ళు ఆ పదమూడేళ్ళలో చాలామందే ఉన్నారు. ఒకరికి మూలన తెల్లటి ఆకారం, ఇంకొకరికి చనిపోయిన తాతగారి నీడ. వేసి చూస్తే లెన్స్ మీద వేలిముద్రో, వీసీఆర్ హెడ్ మీద పేరుకున్న మురికో, లైటు ముందు ఎగిరిన పురుగో. స్పిరిట్‌తో హెడ్ తుడిచి మళ్ళీ వేసేవాణ్ణి. తాతగారు మాయమైపోయేవారు. కొందరికి అది నచ్చేది కాదు, మొహం మాడ్చుకుని వెళ్ళిపోయేవారు.

కాబట్టి ఇప్పుడు నేను రాస్తున్నది దెయ్యం కథ అనుకోవద్దు. అదేమిటో నాకు తెలియదు. చూసింది చూసినట్టు రాస్తాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయం వేయదు. రోత పుడుతుంది, అంతే.

ముందు మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. అప్పట్లో నాది భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరా. దానికి ఆటో ఫోకస్ ఉండేది కానీ, పెళ్ళిళ్ళలో దాన్ని నమ్ముకుంటే కొంప మునిగినట్టే. కాస్త పొగ లేచినా, ఎవరైనా అడ్డంగా నడిచినా, పెళ్ళికూతుర్ని వదిలేసి వాళ్ళ వెంట పోతుంది. అందుకని దాన్ని ఆపేసి చేత్తోనే పెట్టుకునేవాణ్ణి.

పద్ధతి ఒకటే. తీయాల్సిన మనిషి కంటి మీదకి జూమ్ పూర్తిగా లాగాలి. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనబడేదాకా లెన్స్ ముందున్న రింగు తిప్పాలి. ఆ తర్వాత రింగు ముట్టుకోకుండా జూమ్ వెనక్కి తీసుకుని, మనకు కావాల్సినట్టు ఫ్రేము సర్దుకోవాలి. ఆ మనిషి కూర్చున్న చోటి నుంచి కదలనంతసేపూ ఫోకస్ చెక్కుచెదరదు. జూమ్ ఎంత లాగినా, ఎంత వదిలినా అంతే. కొత్తగా చేరినవాళ్ళు దీన్ని తిరగేసి చేస్తారు. ముందు ఫ్రేము అందంగా పెట్టుకుంటారు, తీరా దగ్గరికి లాగేసరికి పెళ్ళికూతురు మసక.

రెండువేల నాలుగో, అయిదో, గుర్తులేదు. మంచి ఎండాకాలం. కశింకోట దాటాక లోపల ఒక ఊళ్ళో చెరకు రైతుల ఇంట పెళ్ళి. పెళ్ళికూతురు పేరు రత్నం. ఆ పిల్లకి తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. పెంచింది నాయనమ్మ. అక్కడ మామ్మ అంటారు. పీటల మీద కూర్చుని కన్యాదానం చేసేది పెదనాన్న అప్పలనాయుడూ, ఆయన భార్యా.

ముందురోజు పెళ్ళికూతుర్ని చేసినప్పుడు వెళ్ళాను. అరుగు వెనకాల ఒక గదిలో మంచం మీద మామ్మ ఉంది. రెండు నెలల కింద జారిపడి తుంటి విరిగిందట, నాలుగడుగులు వేయడమే కష్టం. రత్నం నన్ను ఆ గదిలోకి తీసుకెళ్ళింది.

"అన్నియ్యా, రేపు మామ్మ మండపం కాడికి రాలేదు. నువ్వే ఇక్కడికొచ్చి, నాకు అచ్చింతలు ఏత్తన్నట్టు తియ్యి. మొకం బాగా దగ్గరగా తియ్యాల. అత్తారింట్లో ఏసుకుని సూసుకుంటాను" అంది.

"పల్లు లేని నోరు తీసి ఏటి సేత్తావు బాబూ" అని ముసలావిడ నవ్వింది. నిజంగానే ఒక్క పన్ను లేదు. నేను తిన్నానో లేదో కనుక్కుని, లేదంటే ఒప్పుకోక, మంచం పక్కనున్న డబ్బాలోంచి రెండు మినపసున్నుండలు తీసి చేతిలో పెట్టింది. తప్పకుండా తీస్తానని ఇద్దరికీ మాటిచ్చాను.

మర్నాడు ముహూర్తం పదిన్నర దాటాక. నేను ఏడింటికల్లా అక్కడున్నాను. మామ్మ గదికి బయట నుంచి తాళం వేసి ఉంది. అప్పలనాయుడిని అడిగితే, "రాత్రంతా మూలుగుతానే ఉన్నాది. మాత్ర ఏసేం, నిద్దరోతంది. తరవాత తీద్దువు గాని" అన్నాడు. సరేనన్నాను. గుమ్మం ముందు ఫినాయిలు వాసన, అగరొత్తుల వాసన ఒకదాని మీద ఒకటి కమ్ముకుని ఉన్నాయి. మంచాన పడ్డ మనిషి గది కదా అనుకున్నాను.

వంటల దగ్గర ఐసు గడ్డలు దించారు, గోనెపట్టాల్లో చుట్టి, రంపపు పొట్టు పోసి. అందులో కొన్నింటిని ఇద్దరు మనుషులు పెరటి వైపు మోసుకుపోవడం నేను చూశాను. కాసేపటికి ఎవరో నిమ్మకాయ నీళ్ళు ఇచ్చారు. చల్లగా ఉన్నాయి. పైన రెండు నలుసులు పొట్టు తేలుతుంటే వేలితో తీసి పారేసి గటగటా తాగాను. రెండో గ్లాసు అడిగి మరీ తాగాను.

పెళ్ళికూతుర్ని తయారుచేస్తున్నారు, నాకు ఖాళీ దొరికింది. ఇచ్చిన మాట ఉంది కదా, నిద్రపోతున్నా ఫరవాలేదు, కిటికీలోంచి లేపకుండా ఒక ముక్క తీసుకుందాం అనుకున్నాను. గది వెనక పెరట్లోకి చిన్న కిటికీ ఉంది. రెక్క తోస్తే జానెడు తెరుచుకుంది. లెన్స్ అక్కడ ఆనించాను. లోపల చీకటి. ముసలావిడ మొహం కిటికీ వైపే ఉంది.

చీకట్లో ఫోకస్ దొరకాలంటే ఇంకో దారి లేదు. అలవాటు ప్రకారం జూమ్ పూర్తిగా కంటి మీదకి లాగి, రింగు తిప్పాను. కన్ను అరమూతగా ఉంది. రెప్పల వెంట్రుకలు తేలాయి. కంటి గుడ్డు మీద ఈగ వాలి ఉంది. రెప్ప కొడుతుంది కదా, లేచిపోతుందిలే అని చూస్తున్నాను. ఈగ తెల్లగుడ్డు మీదుగా నడుచుకుంటూ కంటి కొసకి వెళ్ళి, అక్కడ నిలబడి కాళ్ళు రుద్దుకుంది. రెప్ప కొట్టలేదు.

జూమ్ వెనక్కి తీశాను. ముక్కులో దూది ఉంది. ఒంటికి అటూ ఇటూ గోనెపట్టాల్లో ఐసు గడ్డలు పేర్చి ఉన్నాయి. కరిగిన నీళ్ళు గోడ తూములోంచి బయటికొచ్చి నా చెప్పుల మీదుగా పారుతున్నాయి. ఆ నీళ్ళలో రంపపు పొట్టు. నా నిమ్మకాయ నీళ్ళలో తేలినదీ అదే పొట్టు. ఒకే లోడు ఐసు అది. సగం అతిథులకి, సగం శవానికి.

భుజం మీద చెయ్యి పడింది. అప్పలనాయుడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అది మాత్రం ఒప్పుకోవాలి.

"సూసేవా?" అన్నాడు.

"తెల్లారగట్ల పోయింది బాబూ. నాకు మాత్రం అమ్మ కాదేటి? రేపట్నించి మూఢం, మూడు నెల్లు ముహూర్తాల్లేవు. ఇంట్లో మైలని తెలిత్తే ఈ పెల్లాగిపోతాది. నష్టజాతకం పిల్లనేసి మగపెల్లోరు లెగిసెలిపోతారు. తాళి పడగానే నేనే సెప్తాను. నువ్వు నోరు మూసుకుని నీ పని సూసుకో."

ఆగి, కెమెరా వైపు చూశాడు. "ఆ ముక్క సెరిపేయి. నా కల్ల ముందరే."

చెరిపేశాను. టేపు వెనక్కి తిప్పి, దాని మీద వంటల పందిరి తీశాను. ఆ ముసలావిడ మొహం ఉన్నచోట లడ్డూల తట్టలు ఎక్కాయి. పోట్లాడవచ్చు, లేదా సామాను సర్దుకుని వెళ్ళిపోవచ్చు. రెండూ చేయలేదు. పిల్ల మంచికే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి అక్కడ గొడవ పడాలంటే నాకు ఒళ్ళు బరువైంది. ఆ ఊళ్ళో పనులన్నీ నాకే వస్తాయి, ఎందుకొచ్చిన తంటా అనిపించింది. తర్వాత వాళ్ళని ఎంత అసహ్యించుకున్నానో నన్నూ అంత అసహ్యించుకున్నాను.

లోపల్నించి అప్పలనాయుడి భార్య బయటికొచ్చింది. తలనిండా మల్లెపూలు, మొహానికి పౌడరు. వచ్చినవాళ్ళని నవ్వుతూ పలకరిస్తోంది. "మీ అత్తగారేరీ" అని ఎవరో అడిగితే "పడుకున్నాది" అంది, తడబడకుండా.

రత్నాన్ని మండపానికి తీసుకొస్తుంటే నేను వెనక్కి నడుస్తూ తీస్తున్నాను. నా పక్కకి రాగానే తల వంచుకునే మెల్లగా అడిగింది.

"అన్నియ్యా, మామ్మని తీసేవా?"

"తీసేను."

"నవ్విందా?"

"ఆఁ, నవ్వింది."

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ మొహాన్నీ తీశాను, చక్కగా, ఫోకస్ పోకుండా.

ముహూర్తం దగ్గరపడేసరికి జనం పీటల చుట్టూ మూగారు. కింద నిలబడితే వీపులే కనిపిస్తాయి. అందుకని పందిరి చివర ఒక బెంచీ మీద స్టాండు పెట్టి, కెమెరా బిగించి, దూరం నుంచి జూమ్ లాగాను. తలల పైనుంచి రత్నం ఎదురుగా కనిపిస్తోంది. ఆమె వెనకాల ఖాళీ అరుగు, దాని మధ్య స్తంభం, ఆ వెనక తాళం వేసిన తలుపు. అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. రత్నం కంటి మీద ఫోకస్ పెట్టాను. రెప్పలు స్పష్టంగా కనబడ్డాక రింగు వదిలేసి, కాస్త వెనక్కి వచ్చి ఫ్రేము సర్దాను. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు బాగున్నారు, వెనకున్న తలుపు మసకలో కలిసిపోయింది. ఇది నా కళ్ళతో చూసి చెబుతున్నాను.

నెయ్యి మాడిన వాసన, మల్లెల వాసన, దాని కింద ఫినాయిలు. ఎడమచేత్తో రుమాలు ముక్కుకి అదిమిపెట్టుకున్నాను. కుడిచెయ్యి స్టాండు హ్యాండిల్ మీద ఉంది. టేపు తిరుగుతోంది కదా అని తల పక్కకి తిప్పుకుని గాలి పీల్చుకున్నాను. మధ్యలో ఒకసారి చూస్తే రత్నం తల బాగా ముందుకి వంచి ఉంది, ఎవరైనా నెత్తిన చెయ్యి పెట్టేటప్పుడు వంచినట్టు. దండల బరువేమో అనుకున్నాను.

తాళి పడింది. పడగానే చెబుతానన్న అప్పలనాయుడు చెప్పలేదు. మగపెళ్ళివారి భోజనాలు కానివ్వమన్నాడు. శవానికి పదిహేనడుగుల దూరంలో బంతులు వేసి, బూరెలు మారు అడిగి తిన్నారు జనం. ఆఖరి బంతి లేచాక గది తాళం తీశారు.

రత్నం మెడలో దండతోనే పరిగెత్తుకొచ్చింది. గుమ్మం దాటబోతుంటే మగపెళ్ళివాళ్ళు రెండు రెక్కలూ పట్టుకుని ఆపేశారు. మెడలో పసుపుతాడు తడైనా ఆరలేదు, కొత్త పెళ్ళికూతురు శవాన్ని ముట్టుకోకూడదట. "పొద్దున్న నుంచి అడుగుతన్నాను కదా! నిద్దరోతందన్నారు కదా!" అని గడప బయట కూలబడి అరుస్తూనే ఉంది. ముట్టుకోనివ్వలేదు. అప్పుడు కూడా ఎవడో నన్ను మోచేత్తో పొడిచాడు. "ఆపేసేవేటి? ఇదీ తియ్యి!" నేను కెమెరా బ్యాగులో పెట్టేసి, గడ్డిమేటు వెనక్కి వెళ్ళి మొత్తం కక్కేశాను.

వారం తర్వాత స్టూడియోలో పట్టపగలు ఆ టేపు వేసి చూస్తున్నాను. ముహూర్తం ముక్క వచ్చింది. మొదట రత్నం మొహం నేను పెట్టినట్టే స్పష్టంగా ఉంది. బాజా గట్టిగా మొదలవగానే ఆమె మసకబారింది. పెళ్ళికొడుకూ మసకే. వెనకాల తలుపు స్పష్టంగా తేలింది. తాళంకప్ప మీది తుప్పు కూడా కనబడుతోంది. కొన్ని క్షణాలు అలాగే ఉంది. పాడు రింగు జారిపోయింది, ముహూర్తం నాశనమైంది అని తిట్టుకున్నాను.

కానీ ఫోకస్ అక్కడే ఉండిపోలేదు. ముందుకి కదిలింది. తలుపు మసకబారి గడప తేలింది. గడప పోయి అరుగు మీది పసుపు నీళ్ళ మరకలు ఒక దాని తర్వాత ఒకటి తేలాయి. కాస్త కదలడం, ఆగడం. మళ్ళీ కాస్త కదలడం, ఆగడం. స్తంభం దగ్గర చాలాసేపు ఆగింది, స్తంభం మీది సున్నం పగుళ్ళు లెక్కపెట్టొచ్చు. అక్కడి నుంచి మళ్ళీ బయలుదేరింది. పెద్దమ్మ చీరకొంగు, రత్నం జడలో పువ్వులు, ఆ తర్వాత పాపిట. పాపిట దగ్గరికి వచ్చి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే రత్నం తల వంచింది.

ఒక మనిషి ఆ గదిలోంచి ఈడ్చుకుంటూ నడిచి వస్తుంటే ఆ మనిషి మీదే ఫోకస్ నిలుపుకుంటూ తీస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. అంత తిన్నగా ఫోకస్ వెంట తీసుకురావడం నాకే చేతకాదు. అరుగు మీద మాత్రం ఎవరూ లేరు. నీడ లేదు, ఆకారం లేదు, ఏమీ లేదు. మొత్తం నలభై సెకన్లు ఉంటుందేమో.

నేను తేలిగ్గా నమ్మేవాణ్ణి కాదు. ఆటో ఫోకస్ పొరపాటున పడిందా? తర్వాత కెమెరా దించినప్పుడు స్విచ్ మాన్యువల్‌లోనే ఉంది. అయినా ఆటో ఫోకస్ పట్టుకోవాలంటే అక్కడ ఏదో ఒకటి కదలాలి, ఉట్టి నేలని అది పట్టుకుని నడవదు. విశాఖలో మెకానిక్ కెమెరా విప్పి చూసి ఏ లోపం లేదన్నాడు. ఆ తర్వాత రెండేళ్ళు అదే కెమెరాతో పెళ్ళిళ్ళు తీశాను, ఒక్కసారి కూడా అలా చేయలేదు.

ఇంకొక అనుమానం నా మీదే. ఆ తలుపు వెనక ఏముందో తెలిసినవాణ్ణి కదా, నాకు తెలియకుండా నా చెయ్యే తిప్పిందేమో. ఇదే నిజమనుకుని కొన్నాళ్ళు తృప్తిపడ్డాను. ఇంతలో ఫొటోలు తీసినతను ఆల్బమ్ పట్టుకొచ్చాడు. తాళి పడబోతుండగా, రత్నం తల వంచి ఉన్న క్షణం పక్క నుంచి తీసిన ఫొటోలో దూరంగా బెంచీ మీద నేనున్నాను. ఎడమచేత్తో రుమాలు ముక్కుకి పెట్టుకుని, కుడిచెయ్యి హ్యాండిల్ మీద పెట్టి, తల పక్కకి తిప్పుకుని. రింగు దగ్గర ఏ చెయ్యీ లేదు.

సీడీ చేసేటప్పుడు ఆ ముక్క కోసేసి, దాని బదులు ఫొటోలు పెట్టి పంపించాను. మూడు నెలలకి రత్నం షేర్ ఆటోలో ఒక్కతీ వచ్చింది. చిక్కిపోయింది. "తాళి కట్టినది లేదేటి అన్నియ్యా?" అని అడిగింది.

"ఫోకస్ పోయిందమ్మా" అన్నాను. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. పోయినదైనా సరే చూస్తానంది. అసలు టేపు వేశాను. బెంచీ అంచున కూర్చుని చూస్తోంది. తలుపు తేలినప్పుడు ముందుకి వంగింది. ఫోకస్ స్తంభం దగ్గర ఆగింది.

"అక్కడాగుతాది. ఎప్పుడూ అక్కడే ఆగి ఆయాసం తీర్సుకుంటాది" అంది. నాతో కాదు, తనలో తనే.

పాపిట దగ్గరికి వచ్చేసరికి రత్నం చెయ్యి దానంతటదే తలమీదకి వెళ్ళింది. మళ్ళీ వెయ్యమంది. మూడుసార్లు వేయించుకుంది. ఏడుస్తుందేమోనని చూశాను, ఏడవలేదు.

తర్వాత నా వైపు తిరిగి, "ఫోకస్ పోలేదు అన్నియ్యా. సరే గాని, ఆ రోజు మామ్మని తీసేనన్నావు కదా, నవ్విందన్నావు. ఆ ముక్క ఎయ్యి" అంది.

ఆమెకి అన్నీ తెలుసు, తెలిసే అడుగుతోంది. నేను కిటికీ సంగతి, ఈగ సంగతి, చెరిపేసిన సంగతి చెప్పేశాను. లడ్డూల తట్టల సంగతి కూడా చెప్పాను. అడ్డు చెప్పకుండా విని, టేపు ఇమ్మని చెయ్యి చాచింది. సంచిలో పెట్టుకుని లేచింది.

"సచ్చిపోయిన మనిసి లెగిసొచ్చింది. బతికుండి నీకు నోరు లెగలేదు" అని, ఆటో స్టాండు వైపు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె మళ్ళీ రాలేదు. స్టూడియో మూసేసి చాలా ఏళ్ళయింది. ఆ రింగు ఎలా తిరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు, తెలిసినవాళ్ళు ఎవరూ కనబడలేదు.